అప్లై చేస్తే సరిపోదు: ఎఫ్‌-1 మీద ఏ కాగితంతో ఏ పని చేయొచ్చు

"అప్లై చేశాను కదా, ఇక పనిలో చేరొచ్చా?" అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద చదువుతున్న మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దాదాపు ప్రతిసారీ జవాబు ఒక్కటే: ఇంకా లేదు. ఎఫ్‌-1లో పని అనుమతి ఎప్పుడూ ఒక కాగితం మీద, రెండు తేదీల మధ్య ఉంటుంది. ఆ కాగితం చేతికి రాకముందు చేసిన పని, మొదటి తేదీకి ఒక రోజు ముందు చేసిన పని, చివరి తేదీ దాటాక చేసిన పని, మూడూ అనుమతి లేని పనులే. మిగతా నిబంధనలన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే పెద్ద ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి. ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పంపినవాళ్ళ కష్టం ఒక తేదీ దగ్గర తప్పిపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా భార్యాభర్తల సంగతి. ఎఫ్‌-2 మీద వచ్చిన భార్యకో భర్తకో ఏ రకమైన ఉద్యోగ అనుమతీ లేదు, దానికి దరఖాస్తు చేసే దారి కూడా లేదు. కింద చెప్పేదంతా ఎఫ్‌-1 వాళ్ళకే.

క్యాంపస్‌లో పని

దీనికి ఇమ్మిగ్రేషన్ శాఖ, అంటే యూఎస్‌సీఐఎస్ దగ్గర దరఖాస్తు అక్కర్లేదు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 (మీ ప్రోగ్రాం వివరాలు, తేదీలు ఉండే పత్రం) చెల్లుబాటులో ఉండి, పూర్తి స్థాయి క్రెడిట్లు తీసుకుంటూ ఉంటే చాలు. మొదటి సెమిస్టర్ నుంచే చేయొచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు ఐ-20 మీద ఉన్న ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి చేరొచ్చు, అంతకంటే ముందు కుదరదు.

హద్దు వారానికి 20 గంటలు. ఈ 20 గంటలు ఒక్కో ఉద్యోగానికి కాదు, క్యాంపస్‌లో మీరు చేసే పనులన్నీ కలిపి. 20 గంటల టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఉన్నవాళ్ళు సాయంత్రం డైనింగ్ హాల్లో రెండు గంటలు చేసినా హద్దు దాటినట్టే. పోయిన వారం 14 గంటలే చేశాను, ఈ వారం 26 చేస్తే సగటు 20 అవుతుందిగా అని లెక్క వేసుకునేవాళ్ళున్నారు. సగటు చెల్లదు, ఏ వారానికి ఆ వారమే. వారం ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో మీ యూనివర్సిటీ పేరోల్ ఆఫీసును అడిగి తెలుసుకోండి. ఆదివారం రాత్రి షిఫ్టు ఏ వారంలో పడుతుందో తెలియక హద్దు దాటేవాళ్ళు నిజంగానే ఉంటారు. వేసవి సెలవుల్లో, యూనివర్సిటీ అధికారికంగా ప్రకటించిన విరామాల్లో, తర్వాతి సెమిస్టర్‌లో చదువు కొనసాగించేవాళ్ళు 20 గంటలు దాటి చేయొచ్చు.

క్యాంపస్ అంటే ఏది? యూనివర్సిటీ జీతమిచ్చే ఉద్యోగాలతో పాటు, క్యాంపస్‌లో ఉండి విద్యార్థులకు నేరుగా సేవలందించే ప్రైవేటు దుకాణాలు కూడా ఇందులోకే వస్తాయి. పుస్తకాల షాపు, క్యాంటీన్ నడిపే కాంట్రాక్టు కంపెనీ అలాంటివి. అదే క్యాంపస్‌లో కొత్త భవనం కడుతున్న నిర్మాణ కంపెనీలో పని మాత్రం క్యాంపస్ పని కిందకు రాదు. ఈ ఉదాహరణ నిబంధనలోనే రాసి ఉంది. స్థలం క్యాంపస్‌దే అయినా ఆ కంపెనీ విద్యార్థులకు సేవ చేయడం లేదు కదా. క్యాంపస్ గేటు ఎదురుగా రోడ్డు దాటితే ఉండే హోటల్ ఎంత దగ్గరైనా బయటిదే.

ఉద్యోగం దొరికాక సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. దానికి ఉద్యోగం ఇచ్చిన విభాగం నుంచి ఒక లెటరు, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులోని అధికారి, అంటే డీఎస్‌ఓ నుంచి ఒక లెటరు, పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన ప్రవేశ రికార్డు) ప్రింటు, ఐ-20, ఎస్ఎస్-5 ఫారం పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్ళాలి. ఉద్యోగం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు వెళితే తీసుకోరు. దేశంలో దిగిన వెంటనే పరుగెత్తకుండా ఓ పది రోజులు ఆగి వెళ్ళడం మంచిది. మీ ప్రవేశ వివరాలు వాళ్ళ కంప్యూటర్లో కనిపించకపోతే మళ్ళీ తిరగాల్సి వస్తుంది. నంబరు రాకపోయినా పనిలో చేరొచ్చు, కానీ మీకు పని చేసే అర్హత ఉందని చూపే ఐ-9 ఫారం పూర్తవ్వాలి. అందులో మీ భాగం మొదటి పనిరోజున, యజమాని భాగం మూడు పనిదినాల్లోపు అయిపోవాలి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. క్యాంపస్ పని అనుమతి మీ ప్రోగ్రాం ముగిసే తేదీతోనే ముగిసిపోతుంది. చివరి సెమిస్టర్ మే 15న అయిపోయి, ఓపీటీ (చదువు అయ్యాక దొరికే పని అనుమతి) జూన్ 20న మొదలవుతుందనుకోండి. మధ్యలోని ఆ అయిదు వారాలు ప్రొఫెసర్ గారు "ల్యాబ్‌లో కొనసాగు, జీతం ఇస్తాను" అన్నా చేయకూడదు. ప్రొఫెసర్లకు ఈ నిబంధన తెలిసి ఉండాలని లేదు. మీరే చెప్పాలి.

క్యాష్ పనులు

గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు, ఇండియన్ స్టోర్లో సామాను సర్దడం, రెస్టారెంట్ వంటింట్లో గిన్నెలు, స్నేహితుడి అకౌంట్ మీద డెలివరీలు. అద్దె కట్టాల్సిన నెలలో చేతిలో డబ్బు లేకపోతే ఇవి ఎంత లాగుతాయో తెలుసు. అలా చేసినవాళ్ళను తప్పుబట్టడానికి కాదు, దాని ఖరీదు ఎంతో తెలియాలని చెబుతున్నాను.

ఎఫ్‌-1 హోదా ఇతర కారణాలతో పోతే, ఉదాహరణకు పొరపాటున క్రెడిట్లు తగ్గితే, యూఎస్‌సీఐఎస్‌కు దరఖాస్తు పెట్టి హోదాను తిరిగి పొందే అవకాశం ఉంది. దాన్ని రీఇన్‌స్టేట్‌మెంట్ అంటారు. దానికున్న షరతుల్లో ఒకటి, అనుమతి లేకుండా ఎప్పుడూ పని చేసి ఉండకూడదు. అంటే ఆ ఒక్క తప్పు చేసినవాళ్ళకు ఆ తలుపు మూసుకుపోతుంది. యాప్ డెలివరీలు సొంత వ్యాపారం కిందకు వస్తాయని, అందుకే ఫరవాలేదని చెప్పేవాళ్ళను నమ్మకండి. చదువుకునేటప్పుడు అనుమతి లేకుండా చేసే సొంత వ్యాపారమూ ఉద్యోగమే. ఇంకొకరి అకౌంట్ వాడితే ఆ మనిషీ చిక్కుల్లో పడతాడు. నగదు ఇస్తారు కాబట్టి ఆధారం ఉండదన్న ధీమా కూడా పనికిరాదు. దుకాణంలో తనిఖీ జరిగితే కౌంటర్ వెనక నిలబడి ఉన్నదే ఆధారం.

డబ్బు నిజంగా ఇబ్బందైతే చట్టబద్ధమైన దారి ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. దాన్ని తీవ్ర ఆర్థిక ఇబ్బంది అనుమతి అంటారు. ఎఫ్‌-1 మీద ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి. వచ్చిన తర్వాత మీ చేతిలో లేని, ముందు ఊహించని కారణంతో పరిస్థితి తలకిందులై ఉండాలి. స్కాలర్‌షిప్ ఆగిపోవడం, రూపాయి విలువ బాగా పడిపోవడం, ఫీజు విపరీతంగా పెరగడం, డబ్బు పంపే నాన్నగారి వ్యాపారం దెబ్బతినడం, పెద్ద ఆస్పత్రి బిల్లులు, ఇలాంటివి. క్యాంపస్‌లో పని దొరకలేదనో, దొరికినా చాలడం లేదనో చూపించాలి. డీఎస్‌ఓ ఐ-20 మీద సిఫారసు రాశాక, పని అనుమతి కార్డు కోరే ఐ-765 ఫారం యూఎస్‌సీఐఎస్‌కు వెళ్ళాలి. కార్డు వస్తే క్యాంపస్ బయట ఏ పనైనా, మీ చదువుకు సంబంధం లేనిదైనా, సెమిస్టర్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తి సమయం చేయొచ్చు. ఒకసారికి ఒక ఏడాది వరకు ఇస్తారు.

ఈ దరఖాస్తులు తిరస్కరించడానికి ముఖ్య కారణం కథ ఉండి కాగితాలు లేకపోవడమే. వీసా ఇంటర్వ్యూ రోజున నాన్నగారి ఆదాయం ఎంత చూపించారు, ఇప్పుడెంత, మధ్యలో ఏం జరిగింది, ఈ మూడింటికీ ఆధారాలు వరుసగా కనిపించాలి. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, వ్యాపారం మూసిన ధ్రువపత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నెలవారీ ఖర్చుల పట్టిక జత చేయండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ సంతకం తప్పనిసరి. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి అద్దె గడువు మీద పడ్డాక కాదు, ఇబ్బంది మొదలైన నెలలోనే డీఎస్‌ఓ దగ్గరికి వెళ్ళండి.

సీపీటీ: ఐ-20 రెండో పేజీ

ఇంటర్న్‌షిప్‌కు వాడే అనుమతి ఇది. చదువులో భాగమైన శిక్షణ అని యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ఆ ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఉండటమో, డిగ్రీకి అది తప్పనిసరి కావడమో జరగాలి. యూఎస్‌సీఐఎస్ ఫీజు లేదు, కార్డు రాదు. డీఎస్‌ఓ సెవిస్ అనే ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థలో నమోదు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. దాని రెండో పేజీలో కంపెనీ పేరు, పార్ట్ టైమా ఫుల్ టైమా, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. ఆ నాలుగు వివరాలే మీ అనుమతి. అదే కంపెనీ వేరే పేరుతో ఉన్న అనుబంధ సంస్థలో పని చేయించినా, 20 గంటలకు పార్ట్ టైమ్ అని రాసి ఉండి 30 గంటలు చేసినా అనుమతి దాటినట్టే. మేనేజరు "సోమవారం నుంచే వచ్చేయ్, ఐ-20 బుధవారం వస్తుందిగా" అంటే ఓరియెంటేషన్‌కు కూడా కూర్చోకండి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ అక్కర్లేదన్నది కూడా అపోహే. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా అది పనే, మీ డీఎస్‌ఓ సీపీటీ తీసుకోమంటే తీసుకోవాల్సిందే.

ఒక పూర్తి విద్యాసంవత్సరం అయ్యాకే సీపీటీ. మొదటి నుంచే శిక్షణ తప్పనిసరి అని ఉన్న మాస్టర్స్, పీహెచ్‌డీ ప్రోగ్రాములకు మాత్రం మినహాయింపు ఉంది. డే-1 సీపీటీ అని మనవాళ్ళు పిలుచుకునేది ఈ మినహాయింపు మీదే నిలబడింది. నిజంగా ఆ అవసరం ఉన్న ప్రోగ్రాములు ఉన్నాయి. కానీ చదువు పేరుకే ఉండి, పని అనుమతి అమ్మడమే వ్యాపారంగా ఉన్న చోట్ల చేరడం ఎంత ప్రమాదమో మన రెండు రాష్ట్రాల కుటుంబాలకు రెండుసార్లు అనుభవంలోకి వచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఫెడరల్ అధికారులు దాడి చేసినప్పుడు, అక్కడ నమోదైనవాళ్ళలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్ళకు రేడియో పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే రహస్యంగా నడిపిన సంస్థ. అక్కడ తరగతులు లేవు, అధ్యాపకులూ లేరు. చేరినవాళ్ళలో భారతీయులే ఎక్కువ, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. విద్యార్థులను చేర్పించారంటూ ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు. చేరిన విద్యార్థుల్లో చాలామంది దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది.

ఒక ప్రోగ్రాం గురించి అనుమానం వస్తే ఇవి అడగండి. తరగతులు ఏ భవనంలో, ఏ రోజు? ఇంటర్న్‌షిప్ లేకుండా ఎవరైనా డిగ్రీ పూర్తి చేయగలరా? సీపీటీ పనికి ఏ ప్రొఫెసర్ మార్కులు వేస్తారు? చేర్పించే మనిషికి ఎంత కమిషన్ ముడుతుంది? సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.

ఇంకో లెక్క. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ మొత్తం పోతుంది. పార్ట్ టైమ్ సీపీటీకి ఈ కోత లేదు. రెండు వేసవులు ఫుల్ టైమ్ చేసినా ఆరు నెలలకు మించదు కాబట్టి మామూలు విద్యార్థికి భయం లేదు. కానీ కంపెనీ సెమిస్టర్లు కూడా కొనసాగించమంటే నెలలు లెక్కపెట్టుకోండి.

ఓపీటీ: తేదీల లెక్క

ఇక్కడే ఎక్కువ నష్టాలు జరుగుతాయి, అందుకే నెమ్మదిగా చెబుతాను.

చదువు అయ్యాక 12 నెలల అనుమతి ఇది. ప్రతి పై స్థాయి డిగ్రీకి మళ్ళీ 12 నెలలు వస్తాయి, అదే స్థాయిలో రెండో మాస్టర్స్ చేస్తే రావు. మీ ఐ-20 మీద ప్రోగ్రాం ముగిసే తేదీ 2026 మే 15 అనుకుందాం. దానికి 90 రోజుల ముందు, అంటే ఫిబ్రవరి 14 నుంచి దరఖాస్తు పంపొచ్చు. ముగిసిన 60 రోజుల్లోపు, అంటే జూలై 14 లోపు అది యూఎస్‌సీఐఎస్‌కు చేరి ఉండాలి. ఓపీటీ మొదలవ్వాలని మీరు కోరే తేదీ కూడా మే 16 నుంచి జూలై 14 మధ్యే ఉండాలి.

వీటికి లోపల ఇంకో గడువుంది. చాలామంది దెబ్బతినేది దీని దగ్గరే. డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫారసు నమోదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు వెళ్ళాలి. మార్చి 2న నమోదైతే ఏప్రిల్ 1 ఆఖరు. కొత్త ఐ-20 వచ్చింది కదా, జూలై దాకా టైముందని పక్కన పెట్టి ఏప్రిల్ 5న పంపితే తిరస్కరిస్తారు. అప్పటికి జూలై 14 దాటి ఉంటే మళ్ళీ దరఖాస్తు చేసే అవకాశమే ఉండదు. దీనికి ఉల్టా పొరపాటు, డీఎస్‌ఓ సిఫారసు రాకముందే ఆన్‌లైన్లో ఐ-765 పంపేయడం. అదీ తిరస్కరణే. ముందు సిఫారసు ఉన్న ఐ-20, దాని మీద మీ సంతకం, ఆ తర్వాతే ఐ-765. దరఖాస్తు పంపే రోజున మీరు అమెరికాలోనే ఉండాలి, ఇండియా వెళ్ళి అక్కడి నుంచి పంపకూడదు.

ఐ-765లో చదువు అయ్యాక తీసుకునే ఓపీటీకి కేటగిరీ సీ-3-బీ. చదువు మధ్యలో తీసుకునేదానికి సీ-3-ఏ, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) చదువుల పొడిగింపుకు సీ-3-సీ. ఒక్క అక్షరం తప్పు ఎంచుకున్నందుకు నెలలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. జత చేయాల్సినవి: సంతకం చేసిన ఆ కొత్త ఐ-20, ఐ-94, పాస్‌పోర్టు ఫొటో పేజీ, రెండంగుళాల చదరపు ఫొటో, ఇదివరకు కార్డులుంటే వాటి రెండు వైపులా, గతంలో చేసిన సీపీటీ వివరాలు. 2024 ఏప్రిల్ 1న వచ్చిన ఫీజుల ప్రకారం ఆన్‌లైన్లో 470 డాలర్లు, కాగితం మీద పంపితే 520. పంపే రోజున యూఎస్‌సీఐఎస్ ఫీజుల పేజీ మరోసారి చూడండి, తక్కువ కడితే దరఖాస్తు తిప్పి పంపేస్తారు. అదనపు ఫీజుతో ప్రీమియం ప్రాసెసింగ్ ఉంది, 30 పనిదినాల్లో ఏదో ఒక నిర్ణయం వస్తుంది. ఉద్యోగం చేతిలో ఉండి చేరే తేదీ దగ్గరపడితే అది పెట్టదగ్గ ఖర్చే. ఉద్యోగం ఇంకా వెతుకుతున్నవాళ్ళు ఆ డబ్బు దాచుకోండి.

కార్డు వచ్చే అడ్రసు గురించి ఆలోచించండి. మే నెలాఖరుకి లీజు అయిపోయి రూమ్మేట్స్ తలా ఒక ఊరు వెళ్ళిపోతారు, కార్డు పాత అపార్ట్‌మెంట్‌కు వస్తుంది. డబ్బా మీద మీ పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ తిప్పి పంపేస్తాడు. కనీసం ఆరు నెలలు మారని అడ్రసు ఇవ్వండి. స్నేహితుడి ఇల్లయితే ఫారంలో "కేరాఫ్" గడిలో అతని పేరు రాయండి, డబ్బా మీద మీ పేరున్న చీటీ అతికించమనండి. కార్డు రాగానే పేరు, పుట్టిన తేదీ, కేటగిరీ, రెండు తేదీలు సరిచూసుకోండి.

ఓపీటీ మొత్తం ప్రోగ్రాం ముగిసిన 14 నెలల్లో అయిపోవాలి. అందుకే కోరిన తేదీ జూలై 14 అని పెట్టి, ఆమోదం ఆగస్టులో వస్తే, మొదలు ఆలస్యమవుతుంది కానీ ముగింపు ఆ హద్దు దాటదు. మధ్యలో పోయిన వారాలు పోయినట్టే. ఫిబ్రవరి, మార్చిలోనే పంపితే ఈ బాధ లేదు.

చివరి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు తప్పేలా ఉంటే కార్డు ఆమోదం కాకముందే డీఎస్‌ఓకు చెప్పండి. ఆమోదమయ్యాక ఓపీటీ గడియారం ఆగదు. ఓపీటీ మీద ఉండగా కొత్త డిగ్రీలో చేరినా, సెవిస్ రికార్డు వేరే యూనివర్సిటీకి మార్చినా, ఓపీటీ అక్కడితో ముగిసిపోతుంది.

90 రోజులు

కార్డు మీద మొదటి తేదీ నుంచి నిరుద్యోగం లెక్క మొదలవుతుంది. ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, శని ఆదివారాలతో సహా. కార్డు జూన్ 15 నుంచి, ఉద్యోగం ఆగస్టు 10న అనుకోండి. జూన్‌లో 16, జూలైలో 31, ఆగస్టులో 9, మొత్తం 56 రోజులు అయిపోయాయి. మిగిలింది 34. ఆ ఉద్యోగం మధ్యలో పోతే ఆ 34 రోజుల్లో ఇంకొకటి దొరకాలి, కొత్తగా 90 రావు. ఉద్యోగం ఇంకా లేనివాళ్ళు మొదలయ్యే తేదీని ఎందుకు ఆలస్యంగా పెట్టుకుంటారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఉద్యోగం అనిపించుకోవాలంటే వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, మీరు చదివిన సబ్జెక్టుకు సంబంధించి ఉండాలి. మొదటి 12 నెలల్లో జీతం లేని పని అయినా ఫరవాలేదు, రెండు చిన్న ఉద్యోగాలు కలిపి 20 గంటలైనా ఫరవాలేదు, చట్టప్రకారం లైసెన్సులన్నీ తీసుకుని సొంత వ్యాపారం చేసినా చెల్లుతుంది. కన్సల్టెన్సీ మిమ్మల్ని బెంచి మీద కూర్చోబెట్టి, పని ఇవ్వకుండా, సెవిస్‌లో మాత్రం తమ పేరు పెట్టుకోమంటే ఒప్పుకోకండి. పని లేని రోజు నిరుద్యోగమే. లేని ఉద్యోగం ఉందని నమోదు చేయడం అబద్ధపు ప్రకటన అవుతుంది, రేపు హెచ్‌-1బీ దగ్గరో వీసా ఇంటర్వ్యూలోనో పే స్లిప్పులు అడిగినప్పుడు అది బయటపడుతుంది.

ఓపీటీ మొదలయ్యాక ఓపీటీ వాళ్ళు తమ ఉద్యోగ వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు, సెవ్ప్ పోర్టల్ నుంచి ఈమెయిల్ వస్తుంది, స్పామ్‌లో పడిందేమో చూడండి. కంపెనీ పేరు, అడ్రసు, చేరిన తేదీ, గంటలు, చదువుకూ పనికీ ఉన్న సంబంధం అందులో రాయాలి. ఉద్యోగం మారినా ఇల్లు మారినా 10 రోజుల్లో మార్చాలి. సంబంధం అన్న గడిలో "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం" అని రెండు మాటలు రాసి వదిలేయకండి. ఏ కోర్సులో నేర్చుకున్నది ఏ పనిలో వాడుతున్నారో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. ఆఫర్ లెటరు, పని వివరణ, పే స్లిప్పులు విడిగా దాచండి.

మధ్యలో ఇండియా వెళ్ళాలంటే వీసా గడువు, ఆరు నెలల్లోపు డీఎస్‌ఓ ప్రయాణ సంతకం చేసిన ఐ-20, కార్డు, ఉద్యోగ లెటరు ఉండాలి. ఉద్యోగం లేకుండా ఓపీటీ మీద బయటికి వెళ్ళి రావడం మంచి ఆలోచన కాదు.

స్టెమ్ 24 నెలలు

స్టెమ్ డిగ్రీ ఉన్నవాళ్ళకు ఓపీటీని ఇంకో 24 నెలలు పొడిగించే నిబంధన ఇది, 2016 మే 10 నుంచి అమల్లో ఉంది. ఐ-20 మొదటి పేజీలో మీ కోర్సు పేరు పక్కన ఒక అంకె ఉంటుంది, దాన్ని సీఐపీ కోడ్ అంటారు. కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, అది స్టెమ్ జాబితాలో ఉంది. మామూలు ఎంబీఏకు 52.0201, అది లేదు. మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301 ఉంది. పేరులో "టెక్నాలజీ" ఉన్నంత మాత్రాన సరిపోదు, అంకె చూడాలి, అది కూడా అడ్మిషన్ తీసుకునే ముందే చూడాలి.

ఉద్యోగుల పని అర్హతను ఆన్‌లైన్లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి, జీతం ఇవ్వాలి, వారానికి కనీసం 20 గంటలు ఉండాలి. ఇక్కడ ఉచిత పని చెల్లదు, సొంత వ్యాపారమూ చెల్లదు. ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీరూ కంపెనీ కలిసి నింపి డీఎస్‌ఓకు ఇవ్వాలి. ఇది యూఎస్‌సీఐఎస్‌కు పంపే ఫారం కాదు. ఏం నేర్చుకుంటారు, ఎవరు నేర్పిస్తారు, ఎలా కొలుస్తారు అన్న గడులే దానికి గుండె. శిక్షణ ఇచ్చేది జీతమిచ్చే కంపెనీయే అయి ఉండాలి. మీకు జీతమిచ్చే కన్సల్టెన్సీ ఒక ఊళ్ళో, మీరు పని చేసే క్లయింటు ఇంకో ఊళ్ళో, నేర్పే మనిషి ఎవరో తెలియని పరిస్థితి అయితే ఈ ఫారం నిజాయితీగా నింపలేరు. అధికారులు పని స్థలానికి వచ్చి చూసే అధికారం కూడా ఈ నిబంధనలోనే ఉంది.

దరఖాస్తు ఓపీటీ కార్డు గడువుకు 90 రోజుల ముందు నుంచి చేయొచ్చు. డీఎస్‌ఓ సిఫారసు నుంచి 60 రోజుల్లో, కార్డు గడువు ముగియక ముందే చేరాలి. ఓపీటీ అయ్యాక దొరికే 60 రోజుల విరామంలో స్టెమ్‌కు అప్లై చేయొచ్చనుకుని పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ఆ విరామం సర్దుకోవడానికే. సమయానికి పంపినవాళ్ళు పాత కార్డు గడువు దాటినా 180 రోజుల వరకు పని కొనసాగించొచ్చు. పాత కార్డు, స్టెమ్ సిఫారసు ఉన్న ఐ-20, రసీదు మూడూ హెచ్ఆర్‌కు చూపించండి. నిరుద్యోగానికి ఇంకో 60 రోజులు కలుస్తాయి, మొదటినుంచీ కలిపి 150. ప్రతి ఆరు నెలలకూ వివరాలు నిర్ధారించాలి, 12 నెలలకు ఒకసారి, చివర్లో ఒకసారి స్వీయ మూల్యాంకనం ఇవ్వాలి. ఉద్యోగం మారితే 10 రోజుల్లో కొత్త ఐ-983. జీతం తగ్గినా గంటలు బాగా తగ్గినా కూడా మార్చాల్సిందే.

ఈలోగా హెచ్‌-1బీ లాటరీ తగిలి, ఓపీటీ గడువు లోపే కంపెనీ హోదా మార్పు కోరుతూ పిటిషన్ వేస్తే క్యాప్-గ్యాప్, అంటే ఓపీటీకీ హెచ్‌-1బీకీ మధ్య ఖాళీని నింపే పొడిగింపు వర్తిస్తుంది. 2025 జనవరి 17 నుంచి ఇది ఏప్రిల్ 1 వరకు సాగుతుంది, అంతకుముందు అక్టోబరు 1తో ఆగేది. డీఎస్‌ఓ నుంచి క్యాప్-గ్యాప్ ఐ-20 తీసుకోండి. ఓపీటీ ముగిశాక 60 రోజుల విరామంలో పిటిషన్ వేస్తే దేశంలో ఉండొచ్చు కానీ పని చేయకూడదు.

జీతంలో కోత

ఇది పని అనుమతి కాదు కానీ ఇదే కాగితాలతో ముడిపడింది. ఎఫ్‌-1 మీద మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో మీరు నాన్‌రెసిడెంట్. అప్పుడు సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోయకూడదు. నెలకు 6,000 డాలర్ల జీతం మీద అది 459 డాలర్లు. ఓపీటీలోనూ స్టెమ్ ఓపీటీలోనూ ఇదే వర్తిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణ ప్రకారం నాన్‌రెసిడెంట్ల పన్ను ఫారం 1040-ఎన్‌ఆర్‌లో స్టాండర్డ్ డిడక్షన్ కూడా దొరుకుతుంది. చాలా దేశాల విద్యార్థులకు ఇది లేదు. మామూలు పన్ను సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్ల ఫారం 1040 నింపేసి పంపకండి, ఆదాయం లేని ఏడాది కూడా 8843 ఫారం పంపండి.

మొదటి పే స్లిప్పు రాగానే ఆ రెండు గడులు చూడండి. కోత కనిపిస్తే ముందు పేరోల్‌కే రాసి వెనక్కి అడగండి, ఐ-20, కార్డు నకళ్ళు జత చేయండి. వాళ్ళు ఇవ్వకపోతే, ఇవ్వబోమని రాసిన జవాబుతో పాటు 843, 8316 ఫారాలు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు పంపితే డబ్బు తిరిగి వస్తుంది.